జీడిమామిడి మొదలును తొలిచే పొడవు మీసాల పెంకుపురుగు: వెతకడం నుంచి చెట్టు కోలుకునే దాకా సమగ్ర మార్గదర్శి

నిరుడు నిండుగా పిక్క ఇచ్చిన జీడిచెట్టుకు ఈ ఏడు ఒక పక్క ఆకు పసుపెక్కిందని, ఉగాది దాటేసరికి చెట్టంతా ఎండిపోయిందని, దానికి ఏ మందు కొట్టాలని శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల రైతులు తరచూ అడుగుతున్నారు. విజయనగరం జిల్లా తీరంలో భోగాపురం, పూసపాటిరేగ వైపు నుంచి కూడా ఇదే ప్రశ్న వస్తోంది.

ఆ దశలో కొట్టదగిన మందు ఏదీ లేదు. ఆకు పసుపెక్కిందంటే బెరడు కింద పురుగు కొన్ని నెలలుగా తిని, చెట్టుకు రసం అందే దారిని చాలావరకు తెంచేసిందని అర్థం. అందుచేత ఈ మార్గదర్శి చెట్టు పైభాగాన్ని దాదాపుగా వదిలేసి, నేల నుంచి మీటరు ఎత్తు వరకు ఉండే మొదలును, పైకి తేలిన వేర్లను గురించే చెబుతుంది.

## 1. ముందుగా పురుగు జీవితం తెలుసుకోండి

పనుల వరుస అంతా ఈ పురుగు ఎప్పుడు, ఎక్కడ, ఏ రూపంలో ఉంటుందన్న దాన్ని బట్టే సాగుతుంది. కాబట్టి ఈ భాగాన్ని దాటవేసి నేరుగా ఉలి పట్టుకోకండి.

దీని శాస్త్రీయ నామం ప్లొకేడెరస్ ఫెర్రూజినియస్. ఇటీవలి రచనలలో నియోప్లొకేడెరస్ ఫెర్రూజినియస్ అని కనిపిస్తుంది, రెండూ ఒకటే. ఇది సెరాంబిసిడే అనే పొడవు మీసాల పెంకుపురుగుల కుటుంబానికి చెందినది.

తల్లి పురుగు (రెక్కలొచ్చిన పెంకుపురుగు). 25 నుంచి 40 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. పై రెక్కలు ఎర్రని గోధుమ రంగులో, తల, రొమ్ము ముదురు రంగులో ఉంటాయి. మగదాని మీసాలు ఒంటికన్నా పొడవు. చేత్తో పట్టుకుంటే రొమ్ము భాగాన్ని ఆడిస్తూ కిరకిరమంటుంది, దానికి భయపడనక్కరలేదు. చెట్టుకు చెప్పుకోదగిన హాని చేసేది ఈ రూపం కాదు. దీన్ని చూస్తే గుడ్లు పెట్టే కాలం నడుస్తోందని మాత్రం గ్రహించాలి.

గుడ్డు. ఆడ పురుగు మొదలు బెరడు పగుళ్లలోను, మట్టి కొట్టుకుపోయి బయటపడిన వేర్ల మీద గుడ్లు పెడుతుంది. ఎక్కువ గుడ్లు నేల నుంచి మీటరు లోపే ఉంటాయి. మాసిన తెలుపు రంగులో బియ్యపు గింజలా ఉండే ఈ గుడ్డు పగులులో ఇమిడిపోతుంది కనుక కంటికి ఆనడం అరుదు. వారం లోపే పొదుగుతుంది. మొదలుకు పూత పూయడంలోని ఉద్దేశమంతా ఈ దశ మీదనే ఆధారపడి ఉంది: గుడ్డు పెట్టే చోటును పురుగుకు పనికిరాకుండా చేయడమే పూత చేసే పని.

పిల్లపురుగు. చెట్టును చంపేది ఇదే. గుడ్డు నుంచి వచ్చిన చిన్న పురుగు బెరడులోకి తొలుచుకుపోయి, బెరడు లోపలి నార పొరను, దాని కింది లేత చెక్కను తింటూ వంకరటింకర సొరంగాలు చేస్తుంది. ఆకులలో తయారైన ఆహారం వేర్లకు దిగే దారి, వేర్లు తాగిన నీరు పైకి ఎక్కే దారి రెండూ ఆ పొరల్లోనే ఉన్నాయి. ఒక్క పురుగు ఒక పక్కన తింటే చెట్టు తట్టుకుంటుంది. కానీ పురుగు బెడద ముదిరిన చెట్టులో పదుల సంఖ్యలో పురుగులుంటాయి, వాటి సొరంగాలు ఒకదానితో ఒకటి కలిసి మొదలు చుట్టూ తిరిగి వచ్చినప్పుడు చెట్టు నిలబడే ఎండిపోతుంది. ఈ దశ ఆరేడు నెలలు సాగుతుంది. ఎదిగిన పురుగు మీగడ తెలుపు రంగులో, కాళ్లు దాదాపు కనిపించకుండా, ఏడెనిమిది సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది.

గూడు దశ. బాగా ఎదిగిన పురుగు లోపలి చేవలోకి గాని, కిందికి వేరు మొదట్లోకి గాని చేరి, సున్నంతో చేసిన గట్టి తెల్లని గూడు కట్టుకుంటుంది. ఆ గూటిలో సుమారు రెండు నెలలుండి పెంకుపురుగుగా మారుతుంది. మీరు పూసే ఏ మందూ ఈ సున్నపు గోడను దాటి లోపలికి వెళ్లదు. పగలగొట్టి తీయడం తప్ప వేరే మార్గం లేదు.

మొత్తం మీద ఏడాదికి ఒక తరం నడుస్తుంది. అయితే అన్ని గుడ్లూ ఒకేసారి పెట్టవు కనుక, తోటలో ఎప్పుడు చూసినా ఏదో ఒక చెట్టులో ఏదో ఒక దశ ఉంటూనే ఉంటుంది. ఒకసారి శుభ్రం చేశాను కనుక ఇక రెండేళ్లు చూడనక్కరలేదనుకోవడం ఇక్కడే చెల్లదు.

## 2. ఏ నెలలో ఏ పని

మన తీర ప్రాంతంలో గుడ్లు ఎక్కువగా పెట్టేది చలికాలం నడుమ నుంచి వేసవి చివరి దాకా. దురదృష్టవశాత్తు పూలు రావడం, పిందె, పిక్కల ఏరివేత కూడా అదే కాలంలో ఉంటాయి. రైతు కళ్లన్నీ కొమ్మల మీద ఉన్నప్పుడే పురుగు చెట్టు మొదట్లో పని మొదలుపెడుతుంది.

□ అక్టోబరు, నవంబరు: వానలు వెనుకపట్టగానే తుప్పలు కొట్టి, మొదళ్లు బయటపడేలా చేసి, వాటికి మొదటి పూత (పదో భాగంలో చెప్పినది) పూయాలి. తుపాను వచ్చిన ఏడాది ఈ పనిని అసలు వాయిదా వేయకూడదు.

□ జనవరి, ఫిబ్రవరి: రెండో పూత, సంక్రాంతి పనులు ముగిశాక ప్రతి చెట్టు మొదలునూ ఒకసారి చూడాలి.

□ మార్చి నుంచి మే: పిక్కలు ఏరే మనుషులు ఎలాగూ ప్రతి చెట్టు కిందికీ వెళతారు. మొదట్లో పొట్టు (పురుగు తొలిచి బయటికి నెట్టిన రంపపు పొడి వంటిది) కనిపించిన చెట్టుకు గుడ్డ పేలిక కట్టమని వారికి చెప్పండి. ఇంతకన్నా చౌకైన నిఘా లేదు.

□ ఏప్రిల్ చివర, మే: మూడో పూత.

□ జూన్ నుంచి సెప్టెంబరు: పేలిక కట్టిన చెట్లన్నిటినీ ఉలితో శుభ్రం చేయడం, చచ్చిన చెట్లను వేళ్లతో సహా తీయడం, ఎండు కొమ్మలు కత్తిరించడం. వాన తెరిపిచ్చిన రోజులు చూసుకోవాలి.

జూన్‌కు ముందు నెలల్లో పొట్టు కనిపిస్తే జూన్ దాకా ఆగమని కాదు. కనిపించిన వారంలోనే తీయాలి. జూన్ తర్వాతి పని మిగిలిపోయిన వాటి కోసం.

## 3. సామాను సిద్ధం చేసుకోవడం

□ అంగుళం వెడల్పు ఉలి ఒకటి, అరంగుళం ఉలి ఒకటి, చెక్క సుత్తి

□ వదులు బెరడు చెక్కడానికి చిన్న బాడిస లేదా పదునైన కత్తి

□ కొస కొద్దిగా వంచిన సైకిల్ పుల్ల లేదా అంత సన్నని గట్టి తీగ

□ మట్టి తోడడానికి గునపం, చిన్న పార

□ సబ్బు నీళ్లు పోసిన డబ్బా (తీసిన పురుగులు వేయడానికి)

□ గట్టి కుంచె, కొలత గ్లాసు, ప్లాస్టిక్ బకెట్

□ రబ్బరు చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు, కళ్లద్దాలు

□ కొబ్బరి తాడు, సుద్ద లేదా రంగు, ఒక నోటు పుస్తకం

కళ్లద్దాలు అనవసరమని చాలామంది పక్కన పెడతారు. తల వంచి ఉలితో కొడుతున్నప్పుడు చెక్క పెళ్లలు నేరుగా ముఖం మీదికే ఎగురుతాయి.

## 4. మొదలును పరీక్షించే పద్ధతి

పొద్దున వెలుతురు ఏటవాలుగా పడే వేళ మంచిది. చెట్టు చుట్టూ తుప్పలు, రాలిన ఆకు తీసివేయాలి. ఆకు కుప్ప కింద పొట్టు దాగి ఉంటుంది కనుక ఊడ్చేసే ముందు ఒకసారి చేత్తో కదిపి చూడండి.

తర్వాత చెట్టు చుట్టూ నెమ్మదిగా ఒక ప్రదక్షిణ చేస్తూ, కింది నుంచి నడుము ఎత్తు వరకు బెరడును చూడాలి. వెతకవలసినవి ఇవి:

□ చెట్టు మొదట్లో చిన్న రంధ్రాలు, వాటి నుంచి కారిన జిగురు

□ రంధ్రాల దగ్గర గాని, కింద నేల మీద గాని నమిలిన పీచు, ఎర్రటి రంపపు పొట్టు

□ వేలి కణుపుతో తడితే డొల్లగా మోగే బెరడు

□ అంచులు లేచి వదులైన బెరడు, దాని కింద పొట్టుతో నిండిన సొరంగం

□ పెంకుపురుగు బయటికి వెళ్లిన పెద్ద కోలాకారపు రంధ్రాలు

చివరిది కనిపిస్తే ఆ చెట్టులో కనీసం ఒక తరం ముగిసిందని, అక్కడినుంచి వెళ్లిన పురుగులు చుట్టుపక్కల చెట్లకు చేరి ఉంటాయని తెలుసుకోవాలి. అలాంటి చెట్టుకు ఆనుకున్న చెట్లన్నిటినీ అదే రోజు చూడండి. పురుగు పట్టిన చెట్టు నుంచి వచ్చే పొట్టు, జిగురు వాసన ఆడ పురుగులను అటే లాగుతుంది కనుక, పురుగు బెడద తోటంతా సమంగా పరచుకోక గుంపులు గుంపులుగా కనిపిస్తుంది.

పొట్టు తాజాదా, పాతదా అన్నది తేల్చుకోవడం ముఖ్యం. తాజా పొట్టు కొంచెం తడిగా, రంగు నిండుగా ఉంటుంది. పాతది పొడిబారి నల్లబడుతుంది. అనుమానంగా ఉంటే పొట్టునంతా తుడిచేసి, చెట్టుకు సుద్దతో గుర్తు పెట్టి, రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ చూడాలి. కొత్త పొట్టు వచ్చి ఉంటే లోపల పురుగు తింటున్నట్టే.

ఇసుక నేలల్లో వేర్ల సంగతి మరవకండి. ఉద్దానం తోటల్లో గాలికి, వానకు ఇసుక జరిగి వేర్లు పైకి తేలిన చెట్లు చాలా ఉంటాయి. కాండం శుభ్రంగా కనిపించినా, ఒక్క వేరు పక్కన పొట్టు ఉంటే ఆ వేరు వెంబడి జానెడు లోతు తోడి చూడాలి.

## 5. ఇది ఆ పురుగేనా అని నిర్ధారించుకోవడం

చెదలు పట్టిన మొదలుపై మట్టి గోడలు, మట్టి దారులు కనిపిస్తాయి; వాటిని గీకితే కింద సాధారణంగా బతికిన బెరడే ఉంటుంది. జిగురుతో కలిసిన పీచు పొట్టు చెదల పని కాదు.

లేత చిగుళ్లు, పూతకొమ్మలు నల్లబడి ఎండితే అది టీ దోమ అనే రసం పీల్చే పురుగు పని. దానికి మొదలుతో సంబంధం లేదు, నివారణ వేరు.

ఇంకొక పొడవు మీసాల పురుగు కూడా ఉంది. పనస, మామిడి మొదళ్లను తొలిచే బాటోసెరా రూఫోమాక్యులేటా అనేది జీడిమామిడికీ వస్తుంది. ఇది బూడిద గోధుమ రంగులో, సుమారు ఐదు సెంటీమీటర్ల పొడవుతో, మెడ మీద రెండు నారింజ ఎరుపు మచ్చలతో ఉంటుంది. జీడి, పనస పక్కపక్కనే పెరిగే ఉద్దానంలో ఈ తేడా తెలిసి ఉండాలి: జీడి మొదట్లో బాటోసెరా దొరికితే, గట్టు మీది పనస చెట్టును కూడా చూడకుండా ఆ రోజు పని ముగించకూడదు. తల్లి పురుగు దొరకనప్పుడు సున్నపు గూడు మంచి ఆనవాలు. అది ఉంటే ప్లొకేడెరస్ అనుకోవచ్చు. ఉలి పని రెంటికీ ఒకటే.

## 6. చెట్టును ఉంచాలా, తీసేయాలా

చాలామంది రైతులకు మనసు ఒప్పని ఘట్టం ఇది. కానీ కోలుకోలేని చెట్టు మీద రెండు రోజులు పోస్తే, కోలుకోగల పది చెట్లు చేజారిపోతాయి.

కొబ్బరి తాడుతో మొదలు చుట్టుకొలత తీసుకోండి. తర్వాత వదులు బెరడు తీసి, అదే ఎత్తులో దెబ్బతిన్న భాగాల వెడల్పులను కలపండి. ఉదాహరణకు చుట్టుకొలత 120 సెంటీమీటర్లు, దెబ్బతిన్న చోట్లు 25, 15 సెంటీమీటర్లు అయితే మొత్తం 40. అంటే మూడో వంతు, చెట్టును కాపాడవచ్చు. అదే 70 దాకా వస్తే సగం దాటినట్టే.

□ దెబ్బ సగం లోపు, ఆకు పచ్చగా ఉంది: శుభ్రం చేయాలి.

□ దెబ్బ సగం దాటింది: తీసేయాలి.

□ దెబ్బ ఎంతైనా, ఆకు పసుపెక్కి రాలుతోంది, కొమ్మలు ఎండుతున్నాయి: తీసేయాలి.

కాపు మీద ఉన్న చెట్టు కనుక ఈ పిక్కలు ఏరుకున్నాక కొడదామని ఆపుతుంటారు. ఎండబోయే చెట్టు ఒక్కోసారి ఆఖరి కాపు బాగానే ఇస్తుంది, నిజమే. కానీ ఆ రెండు మూడు నెలల్లో దాని నుంచి వెలువడే పెంకుపురుగులు పక్క చెట్ల మీద గుడ్లు పెడతాయి. నా మటుకు నేను ఆ పిక్కల మీద ఆశ వదులుకోమనే చెబుతాను.

## 7. పురుగును బయటకు తీయడం

అసలు పని ఇదే. ఈ ఒక్కటి సరిగ్గా జరిగితే మిగిలినవి కొంత అటూ ఇటూ అయినా చెట్టు నిలుస్తుంది.

మొదటి మెట్టు. మొదలు చుట్టూ ఒక అడుగు వెడల్పున మట్టిని జానెడు లోతు వరకు తోడి, వేరు మొదళ్లను బయటపెట్టాలి. గునపంతో పొడవకుండా పారతో పక్కకు లాగాలి. వేరుకు తగిలిన కొత్త గాయం పురుగుకు కొత్త దారి అవుతుంది.

రెండో మెట్టు. తాజా పొట్టు ఉన్న రంధ్రం దగ్గర మొదలుపెట్టి, వదులైన, చచ్చిన బెరడును మాత్రమే బాడిసతో తీయాలి. బతికిన బెరడు కోస్తే లోపల లేతగా, తడిగా ఉంటుంది, చచ్చినది గోధుమ రంగులో పొడిగా ఉంటుంది. బతికిన బెరడు తగిలిన చోట చేయి ఆగాలి.

మూడో మెట్టు. సొరంగం కనిపించాక, అందులోని పొట్టును తీగతో గీకి తీస్తూ సొరంగం ఎటు పోతోందో చూడాలి. పొట్టు నల్లగా, గట్టిపడి ఉన్న వైపు పురుగు దాటిపోయిన దారి. తాజాగా, తడిగా ఉన్న వైపు పురుగు ఉంది. ఈ తేడా గమనించకుండా రెండు వైపులా చెక్కడం వల్లనే చెట్టుకు పురుగు చేసిన దెబ్బకన్నా ఉలి దెబ్బ ఎక్కువవుతుంది.

నాలుగో మెట్టు. తాజా వైపు సన్న ఉలితో, సొరంగం వెడల్పుకు మించకుండా తెరుచుకుంటూ వెళ్లాలి. పురుగు కనిపిస్తే తీగ కొసతో లాగి సబ్బు నీళ్ల డబ్బాలో వేయాలి. సొరంగం చేవలోకి దిగిపోతే చెక్కను లోతుగా తొలవకుండా వంచిన తీగను లోపలికి పోనిచ్చి తిప్పుతూ లాగాలి. పురుగు చిక్కితే తీగ కొసకు తెల్లని పాల వంటి పదార్థం అంటుతుంది.

ఐదో మెట్టు. గట్టి తెల్లని పెచ్చు తగిలితే అది సున్నపు గూడు. ఉలి కొసతో దాన్ని పగలగొట్టి లోపలి పురుగును తీయాలి. ఖాళీ గూడైతే పైన బయటికి పోయిన రంధ్రం ఉంటుంది.

ఆరో మెట్టు. ఒక పురుగు దొరికిందని ఆగకండి. మొదలు చుట్టూ తిరిగి ప్రతి తాజా రంధ్రాన్నీ, తర్వాత తోడిన గుంటలో ప్రతి పెద్ద వేరునూ చూడాలి. వేరు కింది వైపు చేత్తో తడిమి చూడండి. కంటికి కనబడని పొట్టు చేతికి తగులుతుంది.

ఏడో మెట్టు. గాయం అంచులను పదునైన కత్తితో నునుపు చేసి, నిలువుగా, కింది కొస కొద్దిగా కోసుగా ఉండేలా మలచాలి. అడ్డంగా, గుంటగా వదిలిన గాయంలో వాన నీరు నిలిచి చెక్క కుళ్లుతుంది. రెండు గాయాల మధ్య బతికిన బెరడు వేలెడంత ఉన్నా సరే, దాన్ని కాపాడాలి. రేపు చెట్టుకు రసం అందించేది ఆ పట్టీయే.

తీసిన పొట్టు, బెరడు పెళ్లలు కింద వదలకుండా గోనె సంచిలోకి ఎత్తి, తోట బయట కాల్చేయాలి. మందు తగలని పురుగులను కోళ్లకు వేయవచ్చు, అవి ఆబగా తింటాయి.

## 8. గాయానికి మందు

జీడి పరిశోధన కేంద్రాలు చాలాకాలంగా సిఫారసు చేస్తున్నది 0.2 శాతం క్లోరోపైరిఫాస్ ద్రావణం. దుకాణంలో దొరికే 20 ఈసీ (20 శాతం బలమున్న ద్రవ) మందైతే లీటరు నీటికి 10 మి.లీ. కలిపితే ఈ బలం వస్తుంది. సీసా మీది శాతం వేరైతే లెక్క మారుతుంది. పురుగు మందులపై ఆంక్షలు ఎప్పటికప్పుడు మారుతున్నాయి కనుక కొనే ముందు రైతు సేవా కేంద్రంలో గాని, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో గాని అప్పటి సిఫారసు అడిగి తెలుసుకోండి.

ఈ ద్రావణాన్ని చెట్టు మీద పిచికారీ చేయకూడదు. కుంచెతో శుభ్రం చేసిన సొరంగాలు, గాయం, మొదలు, బయటపెట్టిన వేర్లు తడిసేలా పూయాలి. జీడి పూసే కాలంలో పూల మీద వాలే తేనెటీగలకు హాని కలగకుండా ఉండడానికి కూడా కుంచె పద్ధతే సరైనది. నేల మీద రాలిన పిక్కలు, పండ్లు ఉంటే ముందు ఏరేసి ఆ తర్వాతే మందు పూయాలి. జీడి పండు కోసం పశువులు తోటలోకి వస్తాయి.

పూత ఆరాక తోడిన మట్టిని మళ్లీ కప్పాలి. మెటారైజియం అనే శిలీంద్రపు పొడిని వేపపిండితో కలిపి ఈ మట్టిలో వేయడం మంచిదే, కానీ రసాయన మందు పూసిన రోజే వేస్తే శిలీంద్రం దెబ్బతింటుంది. రెంటిలో ఒకటే ఎంచుకోండి, లేదా మధ్య కొన్ని వారాల ఎడం ఇవ్వండి.

## 9. తీసేసిన చెట్టును ఏం చేయాలి

కొట్టేసిన చెట్టులో పురుగు చావదు. దుంగలోను, నేలలో మిగిలిన మోడులోను తిని, గూడు కట్టి, పెంకుపురుగై వస్తుంది. మొదలు మీద కొట్టి వదిలేసిన మోడు వచ్చే ఏటికి పురుగుల ఉత్పత్తి కేంద్రం.

□ మోడును, పెద్ద వేర్లను తవ్వి తీయాలి.

□ మొదలు భాగాన్ని అదే వారంలో చీల్చి, కనిపించిన పురుగులను, గూళ్లను చంపాలి.

□ కట్టెలను తోటలో పేర్చకూడదు. వంటచెరకుగా ముందు వాడవలసినవి ఇవే.

□ గుంటను వెంటనే పూడ్చకుండా కొన్నాళ్లు ఎండనివ్వాలి.

తుపాను తర్వాత ఇది మరీ ముఖ్యం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లు పెద్ద ఎత్తున నేలకూలాయి. అలాంటప్పుడు పడిన చెట్లే కాదు, వేర్లు కదిలి, కొమ్మలు విరిగి నిలిచిన చెట్లు కూడా ఈ పురుగుకు అనువైన చోట్లవుతాయి. పడినవి తొలగించడం, విరిగిన కొమ్మలను నునుపుగా కోసి బోర్డో పేస్టు పూయడం చలికాలం లోపే ముగియాలి. పేస్టుకు పది లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం చొప్పున, ఇనుప పాత్రలో కాకుండా ప్లాస్టిక్ బకెట్‌లో కలపాలి.

పక్క తోటలో మోడులుంటే మీ శ్రమ సగం వృథా. ఉద్దానంలో కమతాలు చిన్నవి, గట్లు దగ్గర. గట్టుకు అటూ ఇటూ ఉన్నవారు ఒకే వారంలో ఈ పని పెట్టుకోవడం మేలు.

## 10. బాగున్న చెట్లకు పూత

పూతకు ముందు మొదలుపై ఊగులాడే ఎండు బెరడును గోనె పట్టాతో రుద్ది తీయాలి. నేల నుంచి మీటరు ఎత్తు వరకు, పైకి తేలిన వేర్లతో సహా పూయాలి.

వేపనూనె పూత: లీటరు నీటికి 50 మి.లీ. వేపనూనె, ముందుగా కొద్ది సబ్బుతో నూనెను బాగా కలిపి ఆ తర్వాత నీళ్లు పోయాలి, లేకపోతే నూనె పైన తేలుతుంది. ఏడాదికి మూడుసార్లు.

తారు పూత: ఒక పాలు కోల్ తారుకు రెండు పాళ్లు కిరసనాయిలు. ముదురు బెరడున్న చెట్లకే. తారును మంట మీద పెట్టి కిరసనాయిలు కలపవద్దు, మంట అంటుకుంటుంది. ఇప్పుడు కిరసనాయిలు దొరకడమే గగనం కనుక చాలామందికి వేపనూనే దారి. కిరసనాయిలుకు బదులు డీజిల్, వాడేసిన ఇంజిన్ నూనె వాడకండి. అవి బెరడును మాడుస్తాయి.

పూతతో పాటు తేలిన వేర్లను మట్టితో కప్పడం, నేలను రాసుకునే కింది కొమ్మలను తీసి మొదలుకు వెలుతురు తగిలేలా చేయడం రెండూ అవసరమే. మొదలు కనిపించని చెట్టును ఎవరూ పరీక్షించరు.

## 11. తరచూ జరిగే తప్పులు, వాటికి దిద్దుబాట్లు

రంధ్రంలో మందు పోసి మట్టితో మూసేయడం. సొరంగం పొట్టుతో బిగుసుకుని ఉంటుంది కనుక మందు రెండంగుళాలు కూడా లోపలికి పోదు. పొట్టు తీసిన తర్వాతే మందు.

సెల్ఫాస్ బిళ్లలు పెట్టడం. వీటిలోని అల్యూమినియం ఫాస్ఫైడ్ తేమ తగిలితే ప్రాణాంతక వాయువు విడుస్తుంది. దీని అమ్మకం, వాడకంపై ప్రభుత్వ నియంత్రణ ఉంది. ఇంట్లో పిల్లలున్న చోట దీన్ని దాచడమే ప్రమాదం.

పాత సలహాలు పాటించడం. కార్బరిల్ నీటిలో కలిపి పూయమని, ఫోరేట్ గుళికలు వేయమని, వేరు ద్వారా మోనోక్రోటోఫాస్ ఎక్కించమని పాత కరపత్రాల్లో ఉంటుంది. కార్బరిల్‌ను 2018లో, ఫోరేట్‌ను 2020 చివర, మోనోక్రోటోఫాస్ 36 ఎస్ఎల్ (36 శాతం ద్రవ రూపం) మందును 2023లో కేంద్రం నిషేధించింది. వేరు ద్వారా ఎక్కించిన మందు పిక్కలోకి చేరే ప్రమాదం సరేసరి.

చెట్టు చుట్టూ బెరడు తీసేయడం. పురుగు మిగిల్చిన బెరడును మనిషి తీసేస్తే చెట్టు కచ్చితంగా చస్తుంది. బతికిన పట్టీలను ముందుగా సుద్దతో గుర్తు పెట్టుకుని పని మొదలుపెట్టండి.

లోపల పురుగు ఉండగా తారు పూయడం. పైన నల్లగా నిగనిగలాడుతుంది, కింద పురుగు తింటూనే ఉంటుంది, పైగా పొట్టు బయటికి కనపడక రైతు నిశ్చింతగా ఉండిపోతాడు. ఈ పూత బాగున్న చెట్టుకు, లేదా శుభ్రం చేసి గాయం ఆరిన చెట్టుకు మాత్రమే.

కూలీలకు చెట్టుకింత అని గుత్తకు ఇవ్వడం. చెట్ల లెక్కన డబ్బిస్తే ఒక పురుగు తీసి తర్వాతి చెట్టుకు వెళతారు. రోజు కూలికి పెట్టి, దగ్గరుండి చేయించండి.

## 12. శుభ్రం చేసిన తర్వాత

శుభ్రం చేసిన ప్రతి చెట్టుకు ఒక సంఖ్య వేసి, పుస్తకంలో తేదీ, దెబ్బతిన్న వెడల్పు, దొరికిన పురుగులు, గూళ్ల లెక్క రాయండి. నెల తర్వాత అదే చెట్టును మళ్లీ చూడాలి.

□ కొత్త పొట్టు లేదు, గాయం అంచున కొత్త బెరడు ఉబ్బుతోంది: కోలుకుంటోంది. ఇక మూడు నెలలకొకసారి చూస్తే చాలు.

□ కొత్త పొట్టు ఉంది: పురుగు మిగిలింది. పొట్టు ఉన్న చోట మాత్రమే తెరిచి తీయాలి, పాత గాయాలను కెలకవద్దు.

□ జిగురు మాత్రమే కారుతోంది, పొట్టు లేదు: గాయానికి చెట్టు స్పందన కావచ్చు. తుడిచేసి వారం తర్వాత చూడండి.

□ ఆకు పసుపెక్కడం మొదలైంది: ఆరో భాగంలోని కొలత మళ్లీ తీసుకుని, సగం దాటినా, ఆకు రాలి కొమ్మలు ఎండుతున్నా ఆలస్యం లేకుండా తీసేయాలి.

కోలుకుంటున్న చెట్టుకు ఆ వానాకాలం చివర మాగిన ఎరువు, రసాయన ఎరువులు వేయవచ్చు గాని, గాయం వైపు మొదలుకు ఆనించి వేయకుండా కొమ్మల నీడ అంచున వేయాలి. వెడల్పైన గాయమైతే కొత్త బెరడు మూసుకోవడానికి ఒకటికి మించిన ఏళ్లు పడుతుంది. అంతదాకా ఆ చెట్టు పేరు పుస్తకంలోంచి కొట్టివేయకండి. చెట్టు తీసేసిన గుంటలో అంటు నాటేవారు, చుట్టూ ఉన్న చెట్లలో ఒక పూర్తి ఏడాది కొత్త పొట్టు కనిపించలేదని ఆ పుస్తకం చూసి రూఢి చేసుకున్న తర్వాతే నాటాలి.